జంగారెడ్డిగూడెం మీదుగా తునికి

"వచ్చిందమ్మా, పడింది!"

తునిలో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు నడుపుతున్న మా కోడలి అన్నయ్య అరిచిన అరుపు అది. సెమినార్ హాల్లో బల్ల మీద పెట్టిన ఫోన్‌లోంచి, చివరి బెంచీలో కూర్చున్న మా దాకా స్పష్టంగా వినిపించింది. వెనకే ఒక లారీ హారన్ కూడా వినిపించింది. ఆయన కొట్టు హైవే పక్కనే.

బల్లకు అటువైపు కూర్చున్న ముగ్గురు ప్రొఫెసర్లలో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని తెర వైపు చూశారు. "ఎటు నుంచి ఎటు వెళ్లింది?" అని అడిగారు.

"ఇక్కడి నుంచి కడియం అండి. కడియం నుంచి జంగారెడ్డిగూడెం. అక్కణ్ణుంచి తుని."

రెండో ప్రొఫెసరు నవ్వాపుకోలేకపోయారు. "కడియంలో బయల్దేరినవాడు తుని పోవడానికి జంగారెడ్డిగూడెం వెళ్తాడా అమ్మా? పడమటికి వెళ్లి తూర్పుకి రావడం! ఏ బస్సుకైనా ఉందా ఈ తిక్క?"

"బస్సు కాదు కదండీ. దగ్గర దారి ఉంది కానీ అందులో చోటు లేదు. చోటున్న దారిలో వెళ్లింది" అంది మా కోడలు. చేతిలోని చాక్‌పీసును రెండు ముక్కలు చేసేసింది.

వాళ్లు ముగ్గురూ తలలు దగ్గరగా పెట్టి కాసేపు మాట్లాడుకున్నారు. తరవాత పెద్దాయన, "సరేనమ్మా, థీసిస్ ఇచ్చేయి" అన్నారు, కూరగాయలు తీసుకెళ్లమన్నంత మామూలుగా.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "అంటే ఏంటండీ? పాసా?"

"ఇంకా కాదు. పాసయ్యే దారిలో పడింది."

"మీరెప్పుడూ ఇంతే. ఒక్క మాట తిన్నగా చెప్పరు" అని లేచి, అందరి ముందూ కోడలి దగ్గరికి నడిచి వెళ్లింది.

ఆ వెళ్లింది డబ్బు కాదు. ప్రయోగాల కోసం వాడే ఉత్తుత్తి నాణెం. దాంతో తునిలో టీ కూడా రాదు. అయినా ఆ నాణెం చేరడం మీద మా ఇంట్లో ఒకరి ఆరేడేళ్ల చదువు ఆధారపడి ఉంది. మా కోడలు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుని చాలా కాలమైంది. గడువు ఒకసారి పొడిగించారు, ఇంకోసారి పొడిగించరు. ఈసారి ఈ కమిటీ సరే అనకపోతే మొత్తం మొదటికొస్తుంది. మళ్లీ నమోదు, మళ్లీ పరీక్ష. అంత ఓపిక తనకు లేదని, అలా అయితే వదిలేస్తానని ముందే చెప్పింది. బెదిరింపుగా కాదు. రేపు పాలు రావు అని చెప్పినట్టు చెప్పింది.

ఆమె పనేమిటో నాకు అర్థమైంది మా వంటింట్లో. నేను పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడ ఏ కొత్త విషయమొచ్చినా పాఠకుడికి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. చెప్పలేకపోతే మనకే తెలియదని లెక్క. ఆ అలవాటు పోలేదు. ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అత్తాకోడళ్లిద్దరూ పనసపొట్టు కొడుతుంటే, "నాలుగు వాక్యాల్లో చెప్పమ్మా" అన్నాను.

"నాలుగు చాలవు మామయ్యగారూ."

"పది తీసుకో" అంది మా ఆవిడ. "అందులో కత్తిపీట వదలకూడదు."

ఆమె చెప్పింది ఇదీ. క్రిప్టో నాణెం ఒకరి నుంచి ఒకరికి వెళ్లిన ప్రతిసారీ ఆ సంగతి ఆ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటికీ తెలియాలి, అవి ఒప్పుకోవాలి. దానికి సమయం పడుతుంది, రుసుమూ పడుతుంది. కప్పు టీకి అలా చెల్లించాలంటే టీ చల్లారిపోతుంది. అందుకని తరచూ ఇచ్చిపుచ్చుకునే ఇద్దరు కొన్ని నాణేలు ఒక డబ్బాలో పెట్టి చెరో తాళం వేస్తారు. ఆ తరవాత లెక్కంతా వాళ్లిద్దరి మధ్యే. ఇందులో నీ వైపు ఇంత, నా వైపు ఇంత అని ఎప్పటికప్పుడు మార్చుకుంటారు. డబ్బాలో మొత్తం మారదు, ఎవరి వైపు ఎంత అన్నదే మారుతుంది. డబ్బా పెట్టిన రోజున, లెక్క తేల్చి మూసేసే రోజున మాత్రం ఊరందరికీ చెబుతారు. ఆ డబ్బానే ఛానల్ అంటారు.

"మరి నాకూ తునిలో మీ అన్నయ్యకీ డబ్బా లేదనుకో?" అన్నాను.

"మీకూ కడియం బాబాయ్‌గారికీ ఒకటుందనుకోండి. ఆయనకీ అన్నయ్యకీ ఒకటుంది. మీరు ఆయనకి ఇస్తారు, ఆయన అన్నయ్యకి ఇస్తారు. మధ్యలో ఆయన నొక్కేయకుండా లెక్కల తాళం ఒకటుంటుంది. రెండూ జరుగుతాయి, లేదా రెండూ జరగవు."

"మా తమ్ముడు నొక్కేయడు" అంది మా ఆవిడ.

"నొక్కేయరు అత్తయ్యగారూ, మాటవరసకి."

కష్టమంతా దారి దగ్గరే ఉంది. ప్రపంచంలో ఏ ఇద్దరి మధ్య డబ్బా ఉందో, అందులో మొత్తం ఎంతో అందరికీ తెలుసు. కానీ ఆ మొత్తంలో ఏ క్షణాన ఎవరి వైపు ఎంత ఉందో ఆ ఇద్దరికే తెలుసు. అది వాళ్ల గుట్టు. అడిగితే చెప్పరు, చెప్పకూడదు కూడా. కాబట్టి పంపేవాడు ఒక దారి ఊహించుకుని పంపి చూస్తాడు. మధ్యలో ఎవరి దగ్గరో చాలకపోతే వెనక్కి తిరిగొస్తుంది. ఇంకో దారి, మళ్లీ ఇంకో దారి. ప్రతి తలుపూ తట్టి చూడటమే. మా కోడలి పద్ధతి ఏమిటంటే, ఎవరి గుట్టూ అడగకుండా, మనం ఇంతకుముందు పంపినవి ఎటు వెళ్లాయో, ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకుని, ఇప్పుడు ఏ దారిలో ఉండొచ్చో అంచనా కట్టడం. గుర్తు పాతబడే కొద్దీ దాన్ని తక్కువగా నమ్మడం.

"ఇంతేనా? దీనికి ఇన్నేళ్లా?" అంది మా ఆవిడ.

"ఇంతే అత్తయ్యగారూ. ఇది నిజంగా పనిచేస్తుందని చూపించడానికి ఇన్నేళ్లు."

కంప్యూటరులో కల్పించిన నెట్‌వర్క్ మీద ఆమె అప్పటికే లెక్కలు చూపించింది. కమిటీవాళ్లు అది చాలదన్నారు. మనుషులు వాడుతుండగా చూపించమన్నారు. మనుషులు ఎలా వాడతారో ఏ కంప్యూటరూ ఊహించలేదు కదా అని పెద్దాయన అన్నారట. ఆ మాట తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మనుషుల్ని ఎక్కడి నుంచి తేవాలి? కాలేజీ పిల్లలైతే అందరూ ఒకే హాస్టల్లో కూర్చుని ఒకేలా చేస్తారని ఆమె భయం. అందుకని దూరదూరంగా ఉన్న మనవాళ్లే దిక్కయ్యారు. రాజమండ్రిలో మేం. కడియంలో మొక్కల నర్సరీ ఉన్న మా బావమరిది. తునిలో ఆమె అన్నయ్య. జంగారెడ్డిగూడెంలో ఒకప్పుడు మా పత్రికకు వార్తలు పంపి, ఇప్పుడు పామాయిల్ తోట చూసుకుంటున్న నా పాత మిత్రుడు. అతను నన్ను ఇప్పటికీ గురువుగారూ అంటాడు. నేను నేర్పింది వాక్యం చివర చుక్క పెట్టడం ఒక్కటే. అందరి ఫోన్లలోనూ ఆమె తయారుచేసిన యాప్ పెట్టాం. అందరికీ అర్థమయ్యేలా ఒక పేజీ తెలుగులో రాసిపెట్టమని నన్ను అడిగింది.

రాయడం మొదలెట్టగానే ఛానల్ దగ్గర ఆగాను. దీనికి తెలుగేమిటి? డబ్బా అంటే ప్రొఫెసర్లు నవ్వుతారు. మార్గం అంటే దారితో కలిసిపోతుంది. డెస్కులో ఇలాంటప్పుడు చేసే పనే చేశాను: అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాటను అలాగే ఉంచేశాను. ఛానల్ అన్న మాట మా వైపు తెలియనివాళ్లు ఎవరున్నారు? ఆమె కూడా బాగుందంది. ఆ పేజీ చదివిన ఏ ఒక్కరూ ఛానల్ అంటే ఏమిటని అడగలేదు. అందరికీ అర్థమైందని మేమూ సంతోషించాం.

యాప్‌లో ఛానల్ తెరిచేటప్పుడు "మీ వైపు నుంచి ఎంత?" అని అడుగుతుంది. ఇద్దరూ చెరి కాస్త పెట్టాలని ఆమె ఉద్దేశం. మా బావమరిది సున్నా అని కొట్టాడు. ఫోన్ చేస్తే, "మీరు వదలండి బావగారూ, మేం కింద ఉన్నాం కదా" అన్నాడు. నర్సరీలో లోడింగ్ జరుగుతోంది, లారీవాడు తొందరపెడుతున్నాడు, నేనూ ఇంక పొడిగించలేదు. మొత్తం మా వైపు నుంచే పెట్టాం. జంగారెడ్డిగూడెం మిత్రుడు ఇంకా వినయంగా, "మాది మెట్ట గురువుగారూ, ఏమీ లేనివాళ్లం. మీరెంత ఇస్తే అంత" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాను. కడియానికీ తునికీ మధ్య డబ్బాని కడియం నింపింది. ఎందుకంటే కడియం తునికి పైన ఉందట.

మొదటి రోజులు బ్రహ్మాండంగా జరిగాయి. మేం పంపినవన్నీ తునికి చేరాయి. ఆమె అన్నయ్య ప్రతిసారీ ఫోన్ చేసి చెప్పేవాడు. తరవాత ఒక్కొక్క ఛానలూ ఆగిపోవడం మొదలెట్టింది. ఆగిపోగానే అవతలివాళ్లు దాన్ని మూసేసేవారు. మూసేసి, "మళ్లీ వదలండి" అని సందేశం పెట్టేవారు. మూసిన డబ్బా గురించి ఆమె ప్రోగ్రాం గుర్తుపెట్టుకున్నదంతా వృథా అయ్యేది. కొత్త డబ్బాతో మళ్లీ అక్షరాభ్యాసం.

ఎందుకు మూసేస్తున్నారో ఆమెకు అర్థం కాలేదు. యాప్‌లో తప్పుందనుకుంది, ఫోన్లు పాతవనుకుంది. కాలేజీ నుంచి రాగానే లాప్‌టాప్ తెరిచి తన ప్రోగ్రాం వాక్యం వాక్యం చదువుకునేది. తప్పు దొరకలేదు. ఒక సాయంత్రం ఫలితాలన్నీ గీసిన బొమ్మ నాకు చూపించింది. రెండు గీతలున్నాయి. ఒకటి ఆమె పద్ధతి, ఇంకొకటి ఎవరైనా చేసేది, అంటే అన్నిటికన్నా దగ్గర దారి పట్టుకుని పోవడం. రెండు గీతలూ పక్కపక్కనే నడిచాయి. చివర్లో ఆమె గీత కాస్త కిందికి కూడా దిగింది.

"ఇది పట్టుకుని వెళ్తే నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపేస్తారు మామయ్యగారూ" అంది.

అన్నానికి పిలిస్తే తరవాత తింటానంది. మా ఆవిడ పళ్లెం పట్టుకెళ్లి లాప్‌టాప్ పక్కన పెట్టి, "నాణేలు తరవాత చూద్దువుగాని, ఈ పులుసు చల్లారితే బాగోదు" అంది. తిన్నది. కానీ ఆ వారమంతా ఇంట్లో మాటలు తగ్గాయి. మేం నిద్ర లేచేసరికే ఆమె లేచి ఉండేది. మా వాడు పేపరు మిల్లులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వాడు కూడా వచ్చి వెళ్లేటప్పుడు చెప్పుల చప్పుడు వినబడకుండా నడిచేవాడు.

సంగతి తేలింది నరసాపురం రేవులో.

అక్కడ మా బంధువుల కొత్త ఇంటి ప్రతిష్ఠ. ప్రార్థన, భోజనాలు అయ్యాక గోదావరి దాటి సఖినేటిపల్లిలో మా చెల్లెల్ని చూసి, అటు నుంచి ఇంటికి వెళ్దామనుకున్నాం. మా బావమరిది కూడా మాతోనే ఉన్నాడు. రేవుకి వచ్చేసరికి కార్లు, మోటారు సైకిళ్లు, రొయ్యల ట్రేలు ఎక్కించుకున్న ఆటో ఒకటి, అన్నీ ఆగి ఉన్నాయి. మనుషుల్నీ బళ్లనీ దాటించే పంట్లు రెండూ అవతలి ఒడ్డున ఉన్నాయి. ఎండ ముదురుతోంది.

"రెండు పంట్లున్నాయన్నారు కదండీ" అంది మా ఆవిడ.

"ఉన్నాయిగా, అవిగో."

"అటున్నాయి. మనకి అటుంటే ఒకటే, లేకపోతే ఒకటే."

"తొందరపడకక్కా. అటు జనం ఎక్కితే వాళ్లని తీసుకుని ఇటొస్తుంది" అన్నాడు మా బావమరిది. "వచ్చాక మనం ఎక్కుతాం, అటెళ్తుంది. రేవంటే అంతే కదా."

మా కోడలు అతని వైపు చూసింది. "బాబాయ్‌గారూ, ఇంత తెలిసినవారు, మన ఛానల్ ఖాళీ అయినప్పుడల్లా ఎందుకు మూసేస్తున్నారండీ? అటు నుంచి తిరిగి పంపితే మళ్లీ వస్తుంది కదా?"

"ఖాళీ అయితే మూయకపోతే ఎలాగమ్మా? నీళ్లు దిగిపోయాక తలుపు దింపేస్తాం. పైనుంచి వదిలినప్పుడు మళ్లీ ఎత్తుతాం."

"నీళ్లా?"

"ఛానల్ కదమ్మా! మా నర్సరీ వెనక బోదె కూడా ఛానలే. ఇరిగేషన్‌వాళ్లు అలాగే రాస్తారు. పైనుంచి ఎంత వదిలితే అంత, కిందికి పోయింది పోయినట్టే. శివారు నుంచి నీళ్లు వెనక్కి ఎక్కడైనా పారతాయా?"

మా కోడలు కారు బానెట్ మీద చెయ్యి ఆనించింది. నవ్వడం మొదలెట్టింది. ఎంత నవ్విందంటే రొయ్యల ఆటోవాడు కూడా తిరిగి చూశాడు. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"కాలవ అనుకున్నారా బాబాయ్‌గారూ!"

"మరేంటమ్మా? బావగారు రాసిన కాగితంలో ఛానల్ అనే ఉంది. నేనేమన్నా సొంతంగా కల్పించానా?"

"నీకు మొక్కలు తప్ప ఇంకేం తెలుసురా" అంది మా ఆవిడ.

"బాగుందక్కా. మీ ఆయన రాస్తే తప్పు లేదు, నేను చదివితే తప్పొచ్చింది."

నేను అక్కడి నుంచే జంగారెడ్డిగూడెం ఫోన్ చేశాను. మిత్రుడు అమాయకంగా చెప్పాడు: "మా ఊరికి కాలవే లేదు కదా గురువుగారూ, అన్నీ బోర్లే. అందుకే మా వైపు నుంచి పెట్టడానికి ఏముంటుందిలే అనుకున్నాను." తునిలో అన్నయ్యని ఆమె అడిగితే, "అన్నీ నా దగ్గరే చేరాయి చెల్లెమ్మా, వాటిని ఏం చేసుకోను? వెనక్కి పంపడానికి అదేమన్నా నాదా?" అన్నాడు. దేశంలో ఇంకెక్కడివాళ్లకైనా ఇదే యాప్ ఇస్తే ఇంకేదో పొరపాటు చేసేవారేమో. ఇది మాత్రం కాలవ లాకుల కింద పుట్టిపెరిగినవాళ్లే చేయగలరు. ధవళేశ్వరంలో వదిలితే శివారుకు చేరేది నీరు. తిరిగొచ్చేదాన్ని మా వైపు ఎవరూ ఛానల్ అనరు.

ఆమె ప్రోగ్రాంలో తప్పు లేదని తేలింది. అది చూసిందంతా ఒకే దిక్కు ప్రవాహం. కిందికి పోవడమే చూసింది, కిందికి పోతుందనే నేర్చుకుంది, అటే తోసింది. తిరుగు ప్రయాణం అన్నది ఒకటుందని దానికి ఎవరూ చూపించలేదు.

పంటు వచ్చింది. ఎక్కాం. నది మధ్యలో రెయిలింగ్ దగ్గర నిలబడి ఆమె నాతో, "ఆ కాగితం మళ్లీ రాద్దాం మామయ్యగారూ, ఈసారి రేవని రాయండి" అంది. మా చెల్లెలి ఇంట్లో కొబ్బరి బొండాలు తాగుతూ అక్కడే, మేనకోడలి నోటుబుక్కులోంచి చించిన కాగితం మీద రాశాను. ఇద్దరి మధ్య ఒక రేవు. అందులో ఇన్ని పడవలు. కొన్ని ఇటు, కొన్ని అటు. ఇటు పడవ ఉంటేనే అటు వెళ్లగలవు. నువ్వు అటు వెళ్తే ఆ పడవ అటే ఉండిపోతుంది, అవతలివాడికి పనికొస్తుంది. ఎవరి ఒడ్డున ఎన్ని ఉన్నాయో దూరం నుంచి కనబడదు.

ఆమె చదివి ఒక చోట పెన్సిల్ పెట్టింది. "పంటు జనాన్ని దింపి ఖాళీగా కూడా వెనక్కి రాగలదు కదండీ. ఇక్కడ కుదరదు. అటు నుంచి ఎవరో ఒకరు ఎక్కితేనే రావాలి." ఆ వాక్యం చేర్చాను. ఈ కాగితానికి ఇంతకన్నా ఎడిటింగ్ అవసరం లేదంది. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన దాన్ని ఒక్క దిద్దుబాటుతో వదిలిన ఎడిటరు ఎవరూ లేరు.

ఆ తరవాత కథ మారిపోయింది. ఇద్దరూ చెరి కాస్త పెట్టి కొత్తగా తెరిచారు. జంగారెడ్డిగూడేనికి మాతోనే కాక కడియంతోనూ తునితోనూ ఒక్కో ఛానల్ ఏర్పడింది. ఎవరూ మూయలేదు. మా బావమరిది ఒక పట్టాన ఆగలేదు. మొక్కలకి నీళ్లు పెట్టించాక ఒకటి, భోజనానికి ముందు ఒకటి, తునికి పంపేవాడు. "ఇది జాజి అంటుకి, ఇది కనకాంబరానికి" అని సందేశం జతచేసేవాడు. అవతలి నుంచి ఆమె అన్నయ్య "ఇది ఫోన్ గ్లాసుకి" అని తిరిగి పంపేవాడు. వాళ్లిద్దరూ అంతకుముందు పెళ్లిళ్లలో తప్ప మాట్లాడుకుని ఎరగరు. జంగారెడ్డిగూడెం మిత్రుడు ఏమీ రాయకుండా, పొద్దున్నే నాకొకటి పంపేవాడు. నమస్కారం బదులు అనుకుంటాను. మా ఆవిడ కూడా నా ఫోన్ తీసుకుని తమ్ముడికి ఒకటి పంపి, "ఇదేదో బాగానే ఉందే. అసలు డబ్బయితే మాత్రం నేను ముట్టుకోను" అంది.

బొమ్మలో రెండు గీతలూ నెమ్మదిగా విడిపోయాయి. దగ్గర దారి పట్టుకునే గీత ఉన్నచోటే ఉంది. ఆమె గీత పైకి లేచింది. నింగికేమీ వెళ్లలేదు. కానీ తేడా కంటికి కనిపించింది. ఆమె దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఒకరోజు పిల్లలు వేసిన బొమ్మ అంటించినట్టు ఫ్రిజ్ తలుపుకి అంటించేసి కాలేజీకి వెళ్లిపోయింది.

ఇక సెమినార్ రోజు. ముందు కొన్ని మామూలు పంపకాలు చూపించింది. వాటిలో ఒకటి ఇక్కడి నుంచి కడియానికి వెళ్లింది, అదీ జంగారెడ్డిగూడెం మీదుగా. తరవాత రెండో ప్రొఫెసరు, "నేను చెబుతాను, తునికి పంపండి. కాస్త పెద్ద మొత్తం" అన్నారు. ఆమె పంపింది. మొదట దగ్గర దారే, కడియం మీదుగా. అది కడియంలో ఆగి వెనక్కి వచ్చేసింది. కడియం నుంచి తునికి వెళ్లే పడవలన్నీ తుని ఒడ్డునే ఉన్నాయి. జాజి అంట్లూ కనకాంబరాలూ అన్నీ అటే వెళ్లి ఉన్నాయి కదా. మా ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటోందని తెలుసు.

మామూలు పద్ధతి అయితే తరవాత జంగారెడ్డిగూడెం మీదుగా తిన్నగా ప్రయత్నిస్తుంది. కానీ మాకూ జంగారెడ్డిగూడేనికీ మధ్య మా వైపున్నవి ఇందాకే వాడేశాం. అంత పెద్ద మొత్తం అటు పట్టదు. ఆమె ప్రోగ్రాంకి ఇంకొకటి కూడా గుర్తుంది: ఇందాక జంగారెడ్డిగూడెం నుంచి కడియానికి ఒకటి దాటింది. దాటిందంటే ఆ పడవ ఇప్పుడు కడియం ఒడ్డున ఉంటుంది. అంటే కడియం నుంచి జంగారెడ్డిగూడేనికి వెళ్లొచ్చు. ఎవరినీ అడగకుండానే అది తెలిసింది. రెండో ప్రయత్నంలో అటు వెళ్లింది, తునిలో పడింది. లారీ హారన్‌తో సహా మాకు వినిపించింది.

బయటికొచ్చాక మా కోడలు కాంటీన్లో అందరికీ టీలు ఇప్పించింది. రెండో ప్రొఫెసరు కూడా మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆయనది అమలాపురం వైపు. చిన్నప్పుడు బడికి రెండు రేవులు దాటి వెళ్లేవారట. "ఒక రేవులో పడవ దొరికితే రెండో రేవులో దొరికేది కాదండి. ఎన్ని రోజులు బడి పోయిందో" అని నవ్వారు. మా ఆవిడ ఆయనకి ఇంకో టీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు కారులో మా కోడలు ముందు సీట్లో నిద్రపోయింది. నీళ్లు ఆపేసి కాలవలు కట్టేసిన రోజులవి. రోడ్డు పక్క కాలవ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మేమిద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఏదైనా అంటే ఆమె లేస్తుందని.

థీసిస్ బైండింగ్ చేయించి ఇచ్చేసింది. నీలం అట్ట, బంగారు అక్షరాలు. కృతజ్ఞతల పేజీలో మా బావమరిది ప్రస్తావన ఉంది. పేరు లేదు, "కడియం మొక్కల వ్యాపారి" అని ఉంది. అతను దాని ఫొటో తీసుకుని నర్సరీలో కొనుగోలుదార్లకి చూపిస్తున్నాడని విన్నాను. ఇంట్లో పనసపొట్టు కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. కాలేజీ నుంచి వచ్చాక లాప్‌టాప్ తెరవడం మానేసింది. పక్కింటావిడ దగ్గర కుట్టు నేర్చుకుంటానంటోంది.

థీసిస్‌ని బయట ఇద్దరు పరీక్షకులకు పంపించారు. ఒకరి నివేదిక వచ్చింది, బాగుందన్నారు. రెండోవారి నివేదికా వచ్చింది, మొత్తమ్మీద బాగుందన్నారు. కానీ ఒక ప్రశ్న రాశారు, దానికి జవాబు చేర్చాకే సంతకం పెడతానన్నారు. మధ్యలో ఉన్నవాడు దాటించకపోతే, అతని దగ్గర లేదనే మీ పద్ధతి నమ్ముతోంది. ఉండి కూడా ఇవ్వనివాడి సంగతేమిటి? ఇంకెవరో ఎక్కువ రుసుము ఇస్తారని దాచుకుని, లేదని చెప్పేవాణ్ణి ఎలా కనిపెడతారు?

"మా వాళ్లలో అలాంటివాళ్లు లేరని రాసేయమ్మా" అన్నాడు మా బావమరిది. ఆమె నవ్వింది కానీ రాయలేదు. గుట్టు అడగకూడదన్నది ఆమె పద్ధతికి పునాది. అడగకుండా ఈ రెంటికీ తేడా తెలియడం లేదు. ఇప్పటికి మూడు రకాలుగా రాసి మూడూ కొట్టేసింది. జవాబు ఇవ్వడానికి వచ్చే నెలాఖరు దాకా సమయమిచ్చారు. లేదన్నవాడికీ ఇవ్వనన్నవాడికీ తేడా కనిపెట్టే మార్గం, నేనిది రాస్తున్న రోజుకి, ఆమె దగ్గర లేదు.